అత్యంత ప్రమాదకర లుంగీ

లంకలపేట పురపాలక సంఘానికి గుండె అనేదొకటి ఉందని ఆ ఊరి జనం ఏనాడూ అనుమానించలేదు. కుళాయి నీళ్లు వదలమంటే కాలవ నీళ్లు వదిలే సంఘానికి గుండెతో పనేముంటుంది? అలాంటిది ఆ ఏడు ఎండాకాలంలో జనం గుండెల మీద సంఘానికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పుట్టించింది పైనుంచి దిగిన ఒక సర్క్యులరు.

సర్క్యులరు ఇంగ్లీషులో ఉంది. నిన్నటిదాకా నవ్వుతూ తిరిగిన మనిషి ఉన్నట్టుండి గుండె ఆగి పోవడమనేది అన్ని ఎత్నిక్ గ్రూపుల్లోనూ ఒకే తీరుగా లేదట. కొందరికి ముప్పు ఎక్కువట, కొందరికి తక్కువట. కాబట్టి ప్రతి సంఘమూ తన ఊళ్లో ఉన్న ఎత్నిక్ గ్రూపులేవో గుర్తించి, ఎవరికెంత ముప్పో తేల్చి, నివారణ చర్యలు తీసుకోవాలట. బాగా చేసిన సంఘానికి, ఆగిన గుండెకు కరెంటు షాకిచ్చి మళ్లీ కొట్టించే యంత్రం బహుమానమట.

కమిషనరు మార్తాండరావుగారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన మాట్లాడితే మనిషి మాట్లాడినట్టుండదు, గెజిటు చదివినట్టుంటుంది. దాహమేస్తే "మంచినీటి ఆవశ్యకత ఏర్పడియున్నది" అంటారు. ఇంట్లో భార్యతో కూడా అలాగే మాట్లాడతారని చెప్పుకుంటారు గానీ, అక్కడ ఆయన అసలు మాట్లాడరని తెలిసినవాళ్లు అంటారు.

"ఎత్నిక్ గ్రూపు అనగానేమి? సభ్యులు తమ అభిప్రాయములను సంక్షిప్తముగా తెలుపవలెను" అన్నారు.

అకౌంటెంటు గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "జాతి అంటారండి. అంటే మన పక్క అదేనండి... మరేనండి... ఎవరింటి పేరేంటి, ఎవరు ఎవరింట్లో తింటారు అనేదండి..."

"ఆగుము!" అని కమిషనరుగారు బల్ల మీద చరిచారు. "ఆ పదము ఈ ఆవరణలో ఉచ్చరింపరాదు."

అందరి చూపులూ కిటికీల వైపు వెళ్లాయి. పోయినేడు ఒక వీధికి పెద్దమనిషి పేరు పెట్టబోయి, ఆయన ఏ కులం పెద్దమనిషి అన్న దగ్గర తేడా వచ్చి, సంఘం కిటికీ అద్దాలన్నీ పోగొట్టుకుంది. ఇప్పుడు ఎవరి కులం వాళ్లకి గుండె తొందరగా ఆగుతుందో సంఘం ముద్ర వేసి చెప్పిందంటే, ఈసారి గోడలు కూడా మిగలవు.

అప్పుడు లేచాడు అన్నవరం.

దంగేటి అన్నవరం సీనియర్ అసిస్టెంటు. చేరినప్పటి నుంచీ ఏ సమావేశంలోనూ నోరు విప్పనివాడు. ఆరోజు ఏ గ్రహం పట్టిందో గానీ, "తమరు అనుమతిస్తే ఒక మాటండి" అన్నాడు. "మా అమ్మాయి కాలేజీలో ఏటా ఎత్నిక్ డే అని పెడతారండి. ఆరోజు మగపిల్లలు పంచెలూ, ఆడపిల్లలు లంగా ఓణీలూ కట్టుకెళ్తారండి. మెయిన్ రోడ్డు బట్టలకొట్లో మేడ మీద బోర్డు కూడా ఉందండి, ఎత్నిక్ వేర్ అని. కాబట్టి ఎత్నిక్ అంటే కట్టూబొట్టూ అండి."

కమిషనరుగారు మెల్లగా లేచి నిలబడ్డారు. ఆయన కళ్లలో నీళ్లు కనిపించాయని గవర్రాజు ఆ తరవాత ప్రమాణం చేసి చెప్పాడు.

"ఎత్నిక్ గ్రూపు అనగా వస్త్రధారణ వర్గము! అన్నవరం, ఈ సంఘమును మీరు అద్దముల ఖర్చు నుండి కాపాడితిరి."

అది తప్పేమోనని అనుమానం వచ్చినవాళ్లు లేకపోలేదు. వాళ్లు కూడా కిటికీల వైపు ఓసారి చూసి నోరు మూసుకున్నారు.

అన్నవరం ఆరోజు మెట్లెక్కి ఇంటికెళ్లేసరికి ఆయాసంతో రెండుచోట్ల ఆగాడు. సంతోషం వల్ల అనుకున్నాడు. ఆ మెట్ల దగ్గర అతను ఆగడం కొత్త కాదు. నెల రోజులుగా ఆగుతూనే ఉన్నాడు, భార్య భ్రమరాంబ చూస్తూనే ఉంది.

దంగేటివారి ఇంట్లో మగవాళ్లు ముసలివాళ్లు కారు. అన్నవరం తండ్రి కంచం ముందు కూర్చుని, పప్పులోకి నెయ్యి వెయ్యమని అడిగి, వేసేలోగానే పక్కకి ఒరిగిపోయాడు. పెద్దన్నయ్య బస్సు దిగి, సంచీలో వంకాయలతో ఇంటికొస్తూ వీధి మొగలోనే పడిపోయాడు. ఇద్దరికీ యాభై దాటలేదు. ఇక మిగిలింది అన్నవరమూ, మెయిన్ రోడ్డులో లుంగీల కొట్టు పెట్టుకున్న తమ్ముడు సూరిబాబూ.

"మీకు దణ్ణం పెడతానండీ, ఒక్కసారి ఆ గుండె పరీక్ష చేయించుకోండి" అని భ్రమరాంబ రోజూ మొత్తుకుంటుంది. "మీకేవన్నా అయితే నేనేవైపోవాలి?"

సూరిబాబు వచ్చినప్పుడు అతనికీ అదే పాట. అతను నవ్వేసేవాడు. "డాక్టరు దగ్గరకెళ్తే ఏదోటి ఉందంటాడు వదినా. వెళ్లకపోతే ఏవీ ఉండదు." ఇది ఆ ఇంటి వేదం. తండ్రి చెప్పాడు, పెద్దన్నయ్య పాటించాడు.

వస్త్రధారణ వర్గాల లెక్క మర్నాటి నుంచే మొదలైంది. పంచె, లుంగీ, ప్యాంటు, చీర, నైటీ అని వర్గాలు పెట్టారు. పెట్టీ పెట్టగానే చిక్కులొచ్చి పడ్డాయి. ఆఫీసులో ప్యాంటూ ఇంట్లో లుంగీ వేసుకునేవాడు ఏ వర్గం? రోజుకి రెండు వర్గాలు మారే మనిషికి ముప్పు ఎలా కట్టాలి? పాలు పోయించుకోవడానికి గుమ్మంలోకొచ్చే ఆడవాళ్లు నైటీ మీద తుండు వేసుకుంటారు కదా, అది నైటీయా తుండా?

అన్నింటికీ అన్నవరమే దారి చూపించాడు. ఎన్నడూ లేనిది పైవాళ్లు భుజం తట్టేసరికి అతని బుర్ర పాదరసంలా పనిచేసింది. గుండె ఆగిన క్షణంలో ఒంటి మీద ఏది ఉంటే అదే వర్గం అన్నాడు. తుండు చిక్కుకి "పైకి కనిపించునదే ప్రామాణికము" అని రాశాడు. స్నానాలగదిలో ఉన్నవాడి సంగతేమిటని గవర్రాజు అడిగితే మాత్రం కమిషనరుగారే స్వయంగా తేల్చారు: "స్నాన సమయమున గుండె ఆగకుండునట్లు పౌరులు తగు జాగ్రత్త వహింపవలెను."

ఆ తరవాత గుమాస్తాలు ఊళ్లో ఉన్నట్టుండి పోయినవాళ్ల ఇళ్లకల్లా వెళ్లి, పోయేటప్పుడు ఏం కట్టుకున్నారని అడిగొచ్చారు. జనం ఆశ్చర్యపోలేదు. సర్కారు ఇంతకంటే వింత ప్రశ్నలు చాలా అడిగి ఉంది. లెక్క తేలింది. పోయినవాళ్లలో ముప్పాతిక మంది లుంగీలో పోయారు.

"లుంగీ!" అన్నారు కమిషనరుగారు, దొంగ దొరికినట్టు.

సర్కారు ఆసుపత్రి నుంచి సలహా కోసం పిలిచిన డాక్టరు హిమజ ఆ మూల కుర్చీలోంచి చెయ్యెత్తింది. కొత్తగా వచ్చిన పిల్ల, మొహమాటం తక్కువ. "సార్, గుండెపోట్లు ఎక్కువగా తెల్లారుజామున, ఇంట్లో ఉన్నప్పుడొస్తాయి. ఇంట్లో ఉన్న మగాడు లుంగీలో కాక ఇంకెందులో ఉంటాడు సార్? బీపీ ఉందా, సుగరుందా, చుట్ట కాలుస్తారా, వాళ్ల నాన్న ఎలా పోయాడు? ఇవి అడగాలి సార్. ఉన్నట్టుండి ఎవరైనా పడిపోతే ఛాతీ ఎలా నొక్కాలో జనానికి నేర్పాలి. ఆ యంత్రం బస్టాండులో పెట్టాలి, తాళం వెయ్యకూడదు."

"డాక్టరుగారి అభిప్రాయము రికార్డు చేయబడినది" అన్నారు కమిషనరుగారు. ఆఫీసు భాష తెలియని ఆ పిల్ల సంతోషించి కూర్చుంది.

అన్నవరం మాత్రం 'వాళ్ల నాన్న ఎలా పోయాడు' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. తండ్రి లుంగీలోనే పోయాడు. పెద్దన్నయ్య కూడా, ఆదివారం కదా, లుంగీలోనే సంతకెళ్లి వస్తున్నాడు. అతనికి గుండెల మీంచి పెద్ద బరువు దింపినట్టయింది. ఇన్నాళ్లూ వంశమనుకుని భయపడ్డాడు. ఇప్పుడు చూస్తే ఒట్టి గుడ్డ! వంశాన్ని మార్చుకోలేం గానీ గుడ్డ మార్చుకోవడమెంతసేపు?

ఆ సాయంత్రం నుంచి అన్నవరం ఇంట్లోనూ ప్యాంటే. పడుకునేటప్పుడూ ప్యాంటే, బెల్టుతో సహా.

"ఏవండీ, ఉక్కపోసి చస్తారు. ఆ బెల్టన్నా తియ్యండి" అంది భ్రమరాంబ.

"బెల్టుంటే వర్గం ఇంకా గట్టిగా ఉంటాదే" అన్నాడతను.

"పరీక్షకెళ్దాం రండంటే రారు గానీ, బెల్టెట్టుకుని పడుకుంటారంట! ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమనే ఆఫీసు మీది. అక్కడితో ఆగొచ్చు కదా, ఇంటిక్కూడా మోసుకొచ్చారు."

వారం తిరక్కుండా ఊరంతా గోడల మీద ఎర్రక్షరాలు వెలిశాయి. "లుంగీ విడువుడు, ప్రాణము నిలుపుడు." లుంగీ అత్యంత ప్రమాదకర వర్గం. పంచె మధ్యస్థం. ప్యాంటు సురక్షితం. దర్జీలు తిండి తినడానికి ఖాళీ లేకుండా కుట్టారు. పుట్టి బుద్ధెరిగాక ప్యాంటు తొడగని కొబ్బరి దింపేవాళ్లు ప్యాంటుతో చెట్టెక్కలేక, తీసేసి ఎక్కలేక, చెట్టు మొదట్లో కూర్చుని సంఘాన్ని తిట్టిపోశారు. ఒక పెళ్లిలో ఆడపెళ్లివారు, పెళ్లికొడుకు పంచె వర్గంలో ఉండగా తాళి కట్టించుకునేది లేదని మొండికేశారు. చివరికి పెళ్లి చేయిస్తున్న బ్రహ్మగారు ప్యాంటు మీదే కండువాతో ముడి వేయించి కానిచ్చారు. టీకొట్టు దగ్గర ముసలాళ్లు లుంగీ మోకాళ్ల పైకి మడిస్తే ముప్పు సగమవుతుందా అని వాదించుకుని, సంఘానికి అర్జీ పెట్టారు. "అర్ధ లుంగీ" మీద ఉపసంఘం వేశారు.

బీపీ చూపించుకోవడానికి ఆసుపత్రికి మాత్రం ఒక్కడూ వెళ్లలేదు. ఎందుకెళ్తాడు? ప్యాంటేసుకున్నాడుగా!

సూరిబాబు కొట్టు మూతబడే స్థితికొచ్చింది. ఒకరోజు సరాసరి అన్న ఇంటికొచ్చి నట్టింట్లో నిలబడ్డాడు. ఒంటి మీద నీలం గళ్ల లుంగీ, మొహం కందగడ్డలా ఉంది.

"నీకు నేనేం ద్రోహం చేశానన్నయ్యా? ఈ లుంగీలమ్మే నీ కూతురి కాలేజీ ఫీజుకి సర్దాను. ఇప్పుడు నా కొట్టు ముందు నుంచి జనం ముక్కు మూసుకుని పోతన్నారు."

"నీ మంచికేరా సూరీ! ముందు నువ్వా లుంగీ విప్పెయ్యి. నాన్న లుంగీలోనే పోయాడు. పెద్దన్నయ్యా అంతే."

"నాన్న ఊపిరి పీల్చుకుంటా కూడా పోయాడు. మానెయ్యనా?"

భ్రమరాంబ మధ్యలో పడింది. "మీరిద్దరూ పోట్లాడుకోవడం మాని పరీక్షకి రండర్రా! మీ ఇద్దరి గుడ్డలూ వేరు గానీ గుండె ఒకటే కదా?"

ఇద్దరూ ఆవిడ వైపు ఒకేలా చూశారు. ఆసుపత్రి మాటెత్తితే అన్నదమ్ములకి ఎక్కడలేని ఐకమత్యం వస్తుంది. సూరిబాబు గుమ్మం దిగి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి మాటల్లేవు. తమ్ముడి కొట్టు మీదుగా ఆఫీసుకి వెళ్లేటప్పుడు అన్నవరం తల పక్కకి తిప్పుకునేవాడు గానీ, లోపల మాత్రం, వీడు ఆ లుంగీలోనే ఎక్కడ పోతాడో అని బెంగటిల్లిపోయేవాడు.

లంకలపేట కృషికి పైవాళ్లు ముగ్ధులయ్యారు. యంత్రం వచ్చింది. చిన్న సూట్‌కేసంత ఉంది, పచ్చగా ముద్దొస్తోంది. కమిషనరుగారి గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎవరికి వాడాలన్నది తేల్చమని అన్నవరానికే అప్పగించారు. యంత్రం ఒక్కటే కదా, ముప్పు ఎక్కువున్నవాళ్లకే దక్కడం న్యాయం అనుకున్నాడతను. అందులో తమ్ముడి మీద బెంగ కూడా ఉంది. "ఈ యంత్రము అత్యంత ప్రమాదకరమైన లుంగీ వర్గీయుల నిమిత్తము మాత్రమే. ఇతర వర్గములకు వినియోగించినచో నిధుల మళ్లింపుగా పరిగణింపబడును" అని తన చేత్తో రాశాడు. గవర్రాజు ఆ చివరి వాక్యం చదివి లొట్టలేశాడు.

యంత్ర ప్రారంభోత్సవం టౌన్‌హాల్లో పెట్టారు. బయట లుంగీ వర్తకులు సూరిబాబు నాయకత్వంలో ధర్నా. జెండాలకి బదులు కర్రలకి లుంగీలే కట్టుకుని "లుంగీ మీద నింద, మానుకోవాలి" అని అరుస్తున్నారు. లోపల వేదిక మీద కమిషనరుగారు, పక్కనే ఈ పథకానికి మూలపురుషుడుగా అన్నవరం. కొత్త ప్యాంటు, మెడకి టై. డాక్టరు హిమజ కూడా వచ్చింది గానీ, ఆవిడ ఛాతీ నొక్కడం చూపించే కార్యక్రమాన్ని వందన సమర్పణ తరవాతకి, అంటే జనం వెళ్లిపోయాకకి వేశారు.

అన్నవరానికి పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి లాగుతోంది. వేదిక మెట్లెక్కుతుంటే ఛాతీలో ఎవరో కూర్చున్నట్టనిపించింది. ప్యాంటులో ఉన్నాను, నాకేమవుతుంది అని ధైర్యం చెప్పుకున్నాడు. మైకు ముందుకెళ్లి, "సభకు నమస్కారం. ఈనాడు మన ఊళ్లో గుండె..." అన్నాడు. అంతే, మాట ఆగిపోయింది. మనిషి మైకుతో సహా కూలిపోయాడు.

ఆ తరవాత జరిగింది అన్నవరానికి తెలియదు. భ్రమరాంబ చెప్పగా విన్నదే. ఆవిడ చెప్పింది కాబట్టి అందులో కారం కాస్త ఎక్కువే ఉంటుంది గానీ, అబద్ధం మాత్రం లేదు.

హిమజ ఒక్క గంతులో వేదికెక్కి, మెడ దగ్గర వేలుపెట్టి చూసి, చొక్కా చింపేసి, రెండు చేతులతో ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. "యంత్రం తీసుకురండి! గుండె ఆగిపోయింది! ఎవరైనా అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!" అని అరిచింది. యంత్రం అక్కడే, పూలదండ వేసి బల్ల మీద పెట్టి ఉంది. పెట్టెకి తాళం ఉంది. తాళంచెవి కమిషనరుగారి జేబులో ఉంది.

కమిషనరుగారు జేబులో చెయ్యి పెట్టారు. గవర్రాజు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, ప్యాంటండి!"

"ఏమది?"

"అన్నవరంగారు ప్యాంటు వర్గవండి. యంత్రం లుంగీ వాళ్లదండి. రేపు ఆడిట్లో నిధుల మళ్లింపంటారండి. ఆ ముక్క రాసింది కూడా అన్నవరంగారేనండి."

కమిషనరుగారి చెయ్యి జేబులోనే ఉండిపోయింది. చెమటలు పోస్తున్నాయి. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి అన్నవరమంటే ఇష్టమే. కానీ జీవోలు చదివీ చదివీ, ఎదురుగా మనిషి పోతున్నా ముందు ఏ పేరా కింద పోతున్నాడో చూసుకునే అలవాటు పడిపోయింది. "ప్రత్యేక పరిస్థితులలో మినహాయింపునకై పైవారిని ఫోనులో సంప్రదించి..." అంటున్నారు.

భ్రమరాంబ అప్పటికి వేదిక మీదికొచ్చేసింది. విషయం అర్థమయ్యేసరికి ఆవిడ ఏడుపు ఎక్కడికక్కడ ఆగిపోయింది. వెనక్కి తిరిగి, తలుపు వైపు గొంతెత్తి ఒక్క కేక పెట్టింది.

"సూరీ! ఒరే సూరిబాబూ! మీ అన్నయ్య పోతన్నాడురా! లుంగీ పట్రా!"

ఆ కేకకి బయట నినాదాలు ఆగిపోయాయి. సూరిబాబు కర్రతో సహా లోపలికి పరిగెత్తుకొచ్చాడు. వదిన ఆ కర్రకున్న లుంగీ ఒక్క గుంజు గుంజింది. వదినా మరిదీ కలిసి దాన్ని అన్నవరం నడుం కిందనుంచి లాగి, ప్యాంటు మీదే గట్టిగా బిగించి ముడేశారు. హిమజ ఛాతీ నొక్కుతూనే ఉంది, ఆపలేదు.

"ఇప్పుడు లుంగీ వర్గవే కదండీ? తియ్యండా తాళం!" అంది భ్రమరాంబ.

"లోపల ప్యాంటుందండి. రెండు వర్గాల్లో సభ్యత్వం ఉన్నట్టవుద్దండి" అని నసిగాడు గవర్రాజు.

"పైకి కనిపించునదే ప్రామాణికమని నైటీ మీద తుండుకి రాయలేదా మా ఆయన? చదివి వినిపించాడు నాకు. తియ్యకపోతే ఈ కర్ర మీ నెత్తిన కూడా ప్రామాణికవే!"

కమిషనరుగారి మొహం వెలిగింది. మనిషి ప్రాణం పోకుండా, రూలు కూడా పోకుండా దారి దొరికినందుకు ఆయన కళ్లు చెమర్చాయి. "తుండు నిబంధన వర్తించును!" అని తాళం తీసేశారు.

హిమజ రెండు పట్టీలు ఛాతీకి అంటించింది. యంత్రం ఆడగొంతుతో, స్పష్టమైన తెలుగులో మాట్లాడింది. "గుండె లయ పరిశీలింపబడుచున్నది. రోగిని ఎవరూ తాకరాదు." ఆ భాష వినగానే కమిషనరుగారు అటెన్షన్‌లో నిలబడి, "చిత్తం" అన్నారు. "షాక్ ఇవ్వవలసియున్నది. వెలుగుచున్న బటను నొక్కవలెను." హిమజ నొక్కింది. అన్నవరం శరీరం ఎగిరిపడింది. సూరిబాబు "అన్నయ్యా" అని బావురుమన్నాడు. మళ్లీ ఛాతీ నొక్కింది. మళ్లీ షాకు. ఆ మీదట కాసేపటికి అన్నవరం మూలిగాడు.

ఆ మూలుగు తను పెళ్లినాడు విన్న సన్నాయి కంటే కమ్మగా ఉందని భ్రమరాంబ ఇప్పటికీ చెబుతుంది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్లి గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. కళ్లు తెరిచేసరికి ఒక పక్క భార్య, కాళ్ల దగ్గర తమ్ముడు. మాటలు మానేసుకున్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. అన్నవరం ఏడ్చేశాడు. "బతికాన్రా" అన్నాడు. "ఆ, నా సరుకు వల్లే" అని సూరిబాబు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

మూడో పూట కమిషనరుగారు బత్తాయిలతో వచ్చారు.

"అన్నవరం, మీ పరిశోధన కొత్త మలుపు తిరిగినది. ప్యాంటులో ఉండగా మీ గుండె ఆగినది. లుంగీ తొడిగిన స్వల్ప వ్యవధిలో పునఃప్రారంభమైనది. ఇందువలన లుంగీ ప్రాణప్రదాయిని అని రుజువైనది."

"అది యంత్రవండి" అన్నాడు అన్నవరం నీరసంగా. "డాక్టరమ్మగారు నొక్కడం వల్లండి. మా ఇంట్లో రోగం ఉందండి. నాన్నది, పెద్దన్నయ్యది, నాది ఒకటే రోగవండి."

"యంత్రమునకు కొంత పాత్ర ఉండవచ్చును. కాని యంత్రము ప్యాంటు వర్గీయునిపై పనిచేసినట్లు రికార్డులో ఎక్కడను లేదు. రేపటి నుండి పురుషులందరును లుంగీ ధరింపవలెనని ఉత్తర్వు సిద్ధము చేయవలసియున్నది. మీరే రాయవలెను."

అన్నవరం కళ్లు మూసుకున్నాడు. ఈయనతో వాదించడం గోడకి చెప్పుకోవడమే. అయినా ఈయన్ని ఇలా తయారుచేసింది ఎవరు? కట్టూబొట్టూ అని మొదలెట్టింది తనే కదా. కళ్లు తెరిచి తమ్ముడి వైపు చూశాడు. లుంగీకి మంచి పేరొచ్చినందుకు సూరిబాబు మొహం చింకి చాటంత అయింది.

"సూరీ, నువ్వు పరీక్ష చేయించుకోవాల్రా. డాక్టరు కూడా చెప్పింది కదా, అన్నదమ్ములు తప్పకుండా రావాలని."

"నాకేం అన్నయ్యా, నేను లుంగీలో ఉన్నానుగా!"

మొన్న ప్యాంటేసుకుని వేదిక మెట్లెక్కుతూ అన్నవరం తనకి తాను చెప్పుకున్న మాటే అది. వీడు కూడా పోతాడు. ఈ నవ్వుతోనే, ఈ లుంగీలోనే పోతాడు. గుండె మాటెత్తితే చచ్చినా ఆసుపత్రికి రాడు. మరి ఏ మాటెత్తితే వస్తాడు?

అన్నవరం కమిషనరుగారి వైపు తిరిగాడు. "ఉత్తర్వు రాస్తానండి. కానీ ఒక ఇబ్బందుందండి. అన్ని లుంగీలూ అందరి గుండెలకీ పడకపోవచ్చండి. పడని లుంగీ కట్టుకుని ఎవరన్నా పోతే, బాధ్యత ఎవరిదండి?"

బాధ్యత అన్న మాట వినగానే కమిషనరుగారు బత్తాయి ఒలవడం ఆపేశారు.

"అంచేతండి, ఎవరి లుంగీ వాళ్ల గుండెకి కుదిరిందో లేదో సర్కారు ఆసుపత్రిలో చూపించుకుని, లుంగీ అంచు మీద ముద్ర వేయించుకోవాలని పెడదావండి. ముద్ర లేని లుంగీ చెల్లదండి. అమ్మేవాళ్లు ముందు తమ లుంగీకి వేయించుకోవాలండి. తేడా వస్తే ఆసుపత్రి చూసుకుంటాది. మనకి సంబంధం ఉండదండి."

"బాధ్యత బదిలీ!" అని కమిషనరుగారు పరవశించిపోయారు.

హిమజ ఉత్తర్వు చదివి తల పట్టుకుంది. "లుంగీ కుదరడమేంటండీ? ఇది పచ్చి అబద్ధం కదా?"

"అబద్ధం కాదమ్మా, ఆఫీసు భాష" అన్నాడు అన్నవరం. "నువ్వు చేయాల్సిన పరీక్షలన్నీ చెయ్యి తల్లీ. బీపీ, సుగరు, ఈసీజీ, తండ్రి ఎలా పోయాడు, అన్నీ అడుగు. చివర్లో ముద్ర కొట్టు. ఆడవాళ్లు కూడా మొగుళ్ల లుంగీలట్టుకుని వస్తారు, వాళ్లనీ చూసి పంపు."

ఉత్తర్వు వెలువడిన మర్నాటి నుంచి సర్కారు ఆసుపత్రి ముందు వరస రోడ్డెక్కింది. గుండె కోసం రమ్మంటే ఒక్కడు రాని ఊరు లుంగీ కోసం ఇంటిల్లిపాదీ వచ్చింది. కొబ్బరి దింపేవాళ్లొచ్చారు, అర్ధ లుంగీ ముసలాళ్లొచ్చారు. గవర్రాజు కొత్త లుంగీ మడత కూడా విప్పకుండా చంకలో పెట్టుకొచ్చి, బీపీ ఎంతుందో విని అక్కడే బల్ల మీద చతికిలబడ్డాడు. వరసలో నిలబడ్డవాళ్లకి అక్కడే ఛాతీ నొక్కడం నేర్పింది హిమజ. లుంగీ బిగుతు పరీక్షలో అదొక భాగమేమోననుకుని అందరూ శ్రద్ధగా నేర్చుకున్నారు.

సూరిబాబు కూడా వెళ్లక తప్పలేదు. ముద్ర పడందే కొట్టు తియ్యనివ్వరు మరి. అప్పటికి పెద్దాసుపత్రి నుంచి ఇంటికొచ్చేసిన అన్నవరం సర్కారు ఆసుపత్రి అరుగు మీద కూర్చుని, తమ్ముడు లోపలికెళ్లిన తలుపు వైపే చూస్తున్నాడు. పక్కన భ్రమరాంబ. చాలాసేపటికి బయటికొచ్చాడు సూరిబాబు. లుంగీ అంచు మీద నీలం ముద్ర తళతళలాడుతోంది. మనిషి మాత్రం నెమ్మదిగా వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు.

"లుంగీకేం ఢోకా లేదన్నారన్నయ్యా."

"మరి?"

"లోపలున్న మనిషికే ఏదో ఉందన్నారు."

అని పెదవి కొరుక్కుని, చిన్నపిల్లాడిలా అన్న భుజం మీద తల ఆనించేశాడు. అన్నవరం ఆ తలని గట్టిగా పట్టుకున్నాడు. అతని కళ్ల వెంబడి నీళ్లు కారిపోతున్నాయి గానీ మొహం నిండా నవ్వే.

"ఏడవకురా పిచ్చోడా! నాన్నకీ పెద్దన్నయ్యకీ ఈ ఒక్క ముక్క చెప్పేవాడే లేకపోయాడు. లే, మందులు కొనుక్కుని ఇంటికెళ్దాం."